అయిదేళ్ళు చిన్నదాన్ని

ఫిబ్రవరి 3

ఈ నోటుపుస్తకం కొన్నది కొరియన్ అక్షరాలు దిద్దుకోవడానికి. ముందు పేజీలు అక్షరాలకి, వెనక పేజీలు నాకు. ఎవరైనా తెరిచినా ముందు ఆ గీతలూ సున్నాలూ కనబడి మూసేస్తారు. వెనక్కి తిరగేసేంత ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు.

చదివేది నేనొక్కదాన్నే కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. వయసు నలభై ఆరు. కారు సీట్లకి కవర్లు కుట్టే ఫ్యాక్టరీలో ఇరవై నాలుగేళ్ళ నౌకరీ, అందులో పద్దెనిమిదేళ్ళు చెకింగ్ బల్ల దగ్గరే. లైన్లో కుట్టిన ప్రతి కవరూ నా చేతికిందనుంచి పోవాల్సిందే. కుట్టు వదులుగా పడితే కళ్ళకంటే ముందు నా బొటనవేలికి తెలుస్తుంది. నోరు కాస్త పెద్దదని పేరుంది. ఆ పేరు ఉత్తినే రాలేదు.

ఇక కొరియన్ ఎందుకంటే, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. పోయిన నెల కొత్త కొరియా యాజమాన్యం వాళ్ళ దేశం నుంచి ఒక మిషన్ల మాస్టారుని పంపింది. సూది మార్చడంలో ఆయన చెయ్యి చూసి లైన్లో అందరూ సూదుల మాస్టారని పేరు పెట్టేశారు. మొన్న ఒక మిషను మొరాయిస్తే దాని పక్కన మోకాళ్ళ మీద కూచుని దానితో ఏదో గొణుగుతున్నాడు. తిట్టడం లేదు, బతిమాలుతున్నాడు. మాట ముక్క అర్థం కాలేదు గానీ బతిమాలడం అర్థమైంది. ఆ గొణుగుడు ఇంటికొచ్చాక కూడా చెవుల్లోనే ఉంది.

అంతే. ఇందులో వేరే ఏమీ లేదు.

ఫిబ్రవరి 6

అక్షరాలన్నీ నాలుగు రోజుల్లో వచ్చేశాయి. కళ్ళజోడులా ఒకటి, పీటలా ఒకటి. బస్సులో దిద్దుకుంటూ కూచుంటే దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఫిబ్రవరి 12

సూదుల మాస్టారు ఈరోజు తర్జుమా అమ్మాయిని వెంటబెట్టుకుని బల్లబల్లకీ వచ్చి అందరి వయసులూ అడిగాడు. వాళ్ళలో ముందు వయసు తెలియకపోతే మాట్లాడ్డమే కుదరదట. ఎదుటివాళ్ళు పెద్దో చిన్నో తేలితేగానీ ఏ మాట వాడాలో తెలియదట. నాకది విడ్డూరంగా ఏం అనిపించలేదు. మనం మాత్రం ముక్కూమొహం తెలియని మనిషిని అక్క, బాబాయి అనకుండా దారి అడుగుతామా?

జంటసూది అక్క యాభై అంది. రెండు సూదుల మిషను మీద ఇరవై ఏళ్ళుగా కూచున్నందుకు ఆ పేరు. యాభై అనగానే మాస్టారు నడుం వంచి దండం పెట్టి ‘నూనిమ్’ అన్నాడు, అంటే అక్కగారు. ఆయనకి నలభై తొమ్మిది. ఒక్క ఏడాది తేడాకే అంత వంగాడు. జంటసూది రోజంతా ఆ ముచ్చటే చెప్పుకుంది.

నా దగ్గరికొచ్చి అడిగితే నలభై ఆరు అన్నాను. రిజిస్టర్లో ఉన్నదే చెప్పాను. ఆయన నవ్వి ఏదో అన్నాడు. తర్జుమా అమ్మాయి చెప్పింది:

“సారు మీకంటే పెద్ద కదా అక్కా, ఇకమీదట మీతో మాట దించి మాట్లాడొచ్చా అని అడుగుతున్నారు.”

మాట దించడమంటే మన ‘మీరు’ పోయి ‘నువ్వు’ రావడం లాంటిదట. అడిగి మరీ దించుతున్నాడు, ఎంత మర్యాదో అనుకుని సరేనన్నాను.

ఫిబ్రవరి 23

ఇంట్లో బయటపడింది. సాయంత్రం కూరగాయలు తరుగుతూ పాఠం వల్లె వేస్తుంటే మా ఆయన విన్నారు. మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే మనిషి, ఏ చప్పుడు తేడాగా వచ్చినా వదలరు. ఏమిటా కూతలు అన్నారు. చెప్పాను. స్క్రూడ్రైవర్ చెవి మీద పెట్టుకుని, “మొక్కై వంగనిది మానై వంగునా” అని ఒక సామెత పడేసి మళ్ళీ ఫ్యానులోకి తలదూర్చారు.

మా అమ్మాయి మాత్రం నిజంగానే చిరాకు పడింది. తన వయసు పిల్లలు ఆ సీరియళ్ళు చూస్తారట, ఆ భాష నేర్చుకుంటారట, తల్లులు చూడకూడదట. తను పనిచేసే బ్యాంకులో ఎవరితోనూ అనకు అంది. నేను బ్యాంకుకి ఎప్పుడెళ్తాను, దాని కౌంటర్ దగ్గర నిలబడి కొరియన్‌లో డబ్బులు అడుగుతానా?

నాకేం పిచ్చి పట్టలేదు. ఒక భాష నేర్చుకుంటున్నాను.

మార్చి 17

మాస్టారు పొద్దున్నే నా బల్ల పక్కనుంచి వెళ్తూ “పాప్ మొగొస్సొ?” అన్నాడు. అన్నం తిన్నావా అని! తర్జుమా లేకుండా నాకు అర్థమైన మొట్టమొదటి మాట. అక్కడ కూడా ఎదురుపడగానే తిన్నావా అనే అడుగుతారు చూడు. తిన్నానని వాళ్ళ భాషలోనే చెప్పాను. ఆయన రెండడుగులు వెనక్కి వేసి నన్ను కొత్తగా చూశాడు. ఆ తర్వాత కవర్లు ఎలా చూశానో నాకే తెలియదు. జంటసూది వచ్చి, పళ్ళు లోపల పెట్టుకో, కవరు మీద పడతాయి అంది.

ఏప్రిల్ 8

ఫోనులో పాఠం చెప్పే ఆవిడ ఈరోజు మర్యాద మాటలు మొదలుపెట్టింది. ఒకే మాట పెద్దవాళ్ళతో ఒకలా, చిన్నవాళ్ళతో ఒకలా. అన్నం తిన్నావా అని పెద్దవాళ్ళని అడగాలంటే అసలు ఆ మాటే పనికిరాదు. “షిక్సా హాషొస్సొయో” అనాలి.

అవును, జంటసూదిని మాస్టారు రోజూ అడిగేది అదే. నేను రెండూ ఒకటే అనుకున్నాను.

మంచిదే. నలభై ఆరేళ్ళదానితో నలభై తొమ్మిదేళ్ళాయన ఎలా మాట్లాడాలో అలాగే మాట్లాడుతున్నాడు. నాకేం బాధ లేదు.

మే 5

పది మందిలో మాస్టారు “యా!” అని కేకేసి నన్ను చిన్న స్పానరు తెమ్మన్నాడు. మనలో ‘ఒసేయ్’ అంత కాదులే గానీ, ఆ దరిదాపుల్లోదే. తెచ్చిచ్చాను. ఒంటిచేత్తో తీసుకున్నాడు. అదే సమయానికి జంటసూది అటొస్తే గబగబా లేచి కుర్చీ జరిపాడు. రెండు చేతులతో.

ఆయన తప్పు ఏముంది? చెప్పిన వయసుని బట్టి మర్యాద. నాకేం కోపం రాలేదు. కోపం రావడానికి అందులో ఏమీ లేదు. చిన్నదాన్ని కదా, చిన్నదాన్నే.

మధ్యాహ్నం రెండు కవర్లలో దాటేసిన కుట్టుని పట్టుకోలేదు. పద్దెనిమిదేళ్ళలో ఇలా జరగలేదు.

మే 6

నలభై ఆరు.

జూన్ 11

తర్జుమా అమ్మాయి లేనప్పుడు మాస్టారూ నేనూ ముక్కలు ముక్కలుగా మాట్లాడుకుంటున్నాం. నా వాక్యాలు కుంటుతాయి. ఆయన ఓపిగ్గా ఆగి, తప్పు దిద్ది, మళ్ళీ అనమంటాడు.

ఈరోజు నా బొటనవేలు చూపించమన్నాడు. కుట్టు మీద రాసి రాసి అక్కడ చర్మం అట్టకట్టిపోయి ఉంటుంది. వాళ్ళమ్మ వేలు కూడా ఇలాగే ఉండేదట. చేతి తొడుగులు కుట్టే కార్ఖానాలో చెకింగ్ చేసేదట. బడి అయ్యాక ఆవిడ బల్ల కిందే కూచుని పడిన దారం ముక్కలు ఏరి రంగుల వారీగా పెట్టేవాడట. కార్ఖానాకి కొత్త మిషన్లు వచ్చాక, వయసు మళ్ళిందని ఆవిణ్ణి పంపేశారట. ఆ తర్వాత పదేళ్ళు బతికింది గానీ ఆ వేలితో ఇంట్లో తలుపు కర్టెన్లూ దుప్పట్లూ తడుముతూనే ఉండేదట.

ఇదంతా మాట దించే చెప్పాడు, చెల్లెలికి చెప్పినట్టు. అంత బాగా నాతో ఎవరైనా మాట్లాడి చాలా ఏళ్ళయింది. నాకు సంతోషంగా ఉండాలి. ఉంది కూడా. కానీ ఆయన చెల్లెలితో మాట్లాడాడు, నాతో కాదు.

జూలై 14

కోటు సారు మీటింగు పెట్టాడు. మా పర్సనెల్ మేనేజరు, మండుటెండలో కూడా కోటు విప్పడు. అక్టోబరులో కొత్త రకం మిషన్లు వస్తాయట. ముందుగా ఇద్దరిని ఆరు వారాలు కొరియా పంపి నేర్పిస్తారట, వాళ్ళొచ్చి మిగతావాళ్ళకి నేర్పాలి. వయసు యాభై లోపు ఉండాలి. భాష కొంచెం వస్తే మంచిది.

అందరూ నావైపు తిరిగారు.

మాస్టారు నా పేరే రాశాడట. బస్సులో కిటికీ పక్కన కూచుని ఏడ్చాను. టిక్కెట్టు కొట్టే మనిషి, ఏమ్మా ఒంట్లో బాగోలేదా అని అడిగాడు. బాగానే ఉంది బాబూ, కొరియా వెళ్తున్నాను అన్నాను. అతను చిల్లర చేతిలో పెట్టి ముందుకి పోయాడు.

జూలై 15

కొరియా.

జూలై 20

అమ్మాయి బ్యాంకులో అందరికీ చెప్పేసింది. ఫిబ్రవరిలో ఎవరితోనూ అనకు అన్న పిల్లే. సూట్‌కేసు తనే కొంటుందట. మా ఆయన మాత్రం మంచం మీద పాస్‌పోర్టు ఫారం పెట్టుకుని, పుట్టిన తేదీ గడి దగ్గర పెన్ను ఆపి, నావైపు చూశారు. ఫ్యాక్టరీలో ఉన్నదే రాయండి అన్నాను. రాశారు. ఇద్దరం మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

జూలై 29

యాభై నిండినవాళ్ళ లిస్టు బయటికొచ్చింది. తొమ్మిది మంది. కొత్త మిషన్లకి వీళ్ళు పనికిరారని రాసి, వాళ్ళంతట వాళ్ళే మానేస్తున్నట్టు సంతకాలు తీసుకుంటారట. మూడో పేరు జంటసూది అక్కది.

కాగితం అంటించిన గోడ దగ్గర జంటసూది నా భుజం మీద చెయ్యి వేసి, నువ్వు మాత్రం జాగ్రత్తగా వెళ్ళిరా, అక్కడ చలట, స్వెట్టరు నేను అల్లి ఇస్తాను, ఇక ఖాళీయే కదా అంది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

జూలై 30

రాస్తాను. ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

నా వయసు యాభై ఒకటి.

ఉద్యోగానికి వచ్చినప్పుడు ఇరవై ఏడు నిండాయి. ఇరవై అయిదు లోపు వాళ్ళనే తీసుకుంటామన్నారు. అన్నయ్య ఎవరినో పట్టుకుని ఇరవై రెండని సర్టిఫికెట్టు తెచ్చాడు. ఒక్కసారికే కదా అనుకున్నాను. తర్వాత అది నిజమైపోయింది. నలభయ్యో పుట్టినరోజుని ముప్ఫై అయిదోదని లైన్లో మిఠాయి పంచాను. జంటసూది నాకంటే ఏడాది చిన్నది. ఇరవై ఏళ్ళుగా దాన్ని అక్కా అని పిలుస్తున్నాను. చివరికి ఈ పుస్తకంలో, నేనొక్కదాన్నే చదివే పుస్తకంలో, మొదటి పేజీలోనే నలభై ఆరని రాసుకున్నాను. ఉన్నదున్నట్టు రాస్తానని రాసి, పక్క వాక్యంలోనే.

ఆ లిస్టులో పదో పేరు నాది ఉండాలి. నేను విమానం ఎక్కబోతున్నాను.

నేనేం ఎవరి నోటి కూడూ లాక్కోలేదు. నేను వెళ్ళకపోతే దాని ఉద్యోగం నిలుస్తుందా? నిలవదు. ఇది చాలాసార్లు అనుకున్నాను. అనుకున్నప్పుడల్లా సబబుగానే ఉంది.

ఆగస్టు 6

సాయంత్రం పని అయ్యాక జంటసూది ఇంటికి వెళ్ళాను. స్వెట్టరు వెనక భాగం అప్పుడే సగం అయింది. నీకు ఒక మాట చెప్పాలి అని మొదలుపెట్టి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టి, మొత్తానికి చెప్పాను. అది ఉన్ని మీదనుంచి తల ఎత్తలేదు.

“తెలుసులేవే. నాకంటే నాలుగేళ్ళు ముందు నీకు చత్వారం వచ్చినప్పుడే తెలుసు.”

మరి ఎందుకు అనలేదు అంటే, ఊరికే అక్కా అక్కా అని పిలిచేదాన్ని ఎవరైనా పోగొట్టుకుంటారా అంది. తర్వాత అల్లడం ఆపి, నువ్వు పిచ్చి పని చెయ్యకు, నువ్వు నోరు విప్పితే నాకేం ఒరగదు, నీదీ పోతుంది, ఇద్దరం ఇక్కడ కూచుని స్వెట్టర్లు అల్లుకోవాలి అంది. చేతులు కొలుస్తానని నన్ను నిలబెట్టింది. కొలుస్తుంటే టేపు దాని చేతిలోంచి రెండుసార్లు జారింది. అల్లి అల్లి నొప్పి అంది.

ఆగస్టు 7

మా ఆయన కూడా అదే మాట. అడుసు తొక్కిన రోజు పోయి పాతికేళ్ళయింది, ఇప్పుడు కాలు కడుగుతానంటావేంటి, నోరు మూసుకుని విమానం ఎక్కు అన్నారు.

అందరూ సరిగ్గానే చెబుతున్నారు. సరే. నోరు మూసుకుంటాను.

ఆగస్టు 12

మూసుకున్నాను.

ఆగస్టు 20

పొద్దున పది గంటలకి కోటు సారు గదికి రమ్మని పిలుపు. తర్జుమా అమ్మాయి సెలవులో ఉందట, మాస్టారికి నాలుగు ముక్కలు చెప్పిపెట్టమన్నాడు. లోపలికి వెళ్తే ఆ తొమ్మిది మందీ గోడ వారగా నిలబడి ఉన్నారు. జంటసూది చివర. మాస్టారు కుర్చీలో, ఆయన ముందు తొమ్మిది కాగితాలు. శిక్షణకి వీళ్ళు పనికిరారని మిషన్ల మాస్టారు ముందు సంతకం చేస్తే, ఆ కింద వీళ్ళు చెయ్యాలి.

మాస్టారు ఒకటో కాగితం తీసుకుని, వీళ్ళని నేను మిషను మీద కూచోబెట్టి చూడనేలేదే, పనికిరారని నాకెలా తెలుస్తుంది, అడుగు అన్నాడు నాతో. ‘అడుగు’ అనే అన్నాడు, మాట దించి. అడిగాను.

కోటు సారు నవ్వాడు. “చూడ్డానికేముందమ్మా. మొక్కై వంగనిది మానై వంగునా? యాభై దాటాక కొత్తది బుర్రకెక్కదు. అదే చెప్పు ఆయనకి.”

ఆ మాట నేను చెప్పాలి. వాళ్ళ వైపు వీపు పెట్టి, నా నోటితో, ఆరు నెలలు బస్సుల్లో నేర్చుకున్న భాషలో. తప్పు చెబుదామా అనిపించింది. ఎవరికి తెలుస్తుంది? కానీ ఇరవై నాలుగేళ్ళు ఒక తప్పు చెప్పింది చాలు. ఉన్నదున్నట్టు చెప్పాను. మొక్కగా ఉన్నప్పుడు వంగనిది చెట్టయ్యాక వంగదు అంటున్నారు, యాభై దాటితే కొత్తది నేర్చుకోలేరు అంటున్నారు అని. ఒక్క ముక్క తప్పు పోలేదు. మాస్టారు దిద్దాల్సిన అవసరం రాలేదు.

ఆయన పెన్ను మూత తీశాడు.

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. జంటసూది మీద జాలితో అన్నానని ఎవరైనా అంటే ఒప్పుకోను. పాపభయంతో కూడా కాదు. యాభై దాటితే నేర్చుకోలేరనే మాట అబద్ధమని ఆ గదిలో రుజువు ఒక్కటే ఉంది, అది నేను. నేనేమో నలభై ఆరని దాక్కుని ఉన్నాను. నాలుగు రోజుల్లో అక్షరాలు నేర్చుకుంది యాభై ఒక్క ఏళ్ళ మనిషి. కొరియాకి నలభై ఆరేళ్ళది వెళ్ళిపోతే, నేర్చుకున్నదెవరు? నా కష్టాన్ని ఎవరికో ఎందుకు ఇవ్వాలి?

“నా వయసు యాభై ఒకటి,” అన్నాను, వాళ్ళ భాషలో. “ముందు చెప్పింది అబద్ధం. నేను మీకంటే రెండేళ్ళు పెద్దదాన్ని. మీ భాష మొదలుపెట్టింది పోయిన ఫిబ్రవరిలో.”

మాస్టారి చెయ్యి ఆగిపోయింది. నిజమా అని అడిగాడు. ఆ అడగడంలోనే మాట మారిపోయింది, మర్యాద వచ్చేసింది. నిజమే అన్నాను. పెన్ను మూత పెట్టాడు. లేచాడు. తను కూచున్న కుర్చీని రెండు చేతులతో తిప్పి నా ముందుకి జరిపాడు.

“అంజుసెయో, నూనిమ్.”

కూచోండి అక్కగారూ అని. కూచున్నాను. ఇరవై నాలుగేళ్ళలో ఆ గదిలో నేను కూచోవడం అదే మొదలు. కోటు సారు మొహం ఎర్రబడింది. ఏం చెప్పావు ఆయనకి అని అడిగాడు. మన భాషలో మళ్ళీ చెప్పాను. గోడ దగ్గరనుంచి జంటసూది, “పాడుదానా” అంది, అందరికీ వినబడేలా.

మాస్టారు తొమ్మిది కాగితాలూ దొంతి పెట్టి, సంతకం లేకుండా వెనక్కి తోశాడు. కూచోబెట్టి నేర్పి చూడకుండా రాయనన్నాడు. ఇంకా ఏదో అన్నాడు, ఏడు నెలలుగా ఇక్కడుండి తనకి ఇక్కడి భాషలో మంచినీళ్ళు అడగడం కూడా రాలేదని, ఈవిడకి ఇంత వచ్చిందని. అది తర్జుమా చెయ్యలేదు. నా గురించి నేనే చెప్పుకుంటే బాగుండదు.

ఆగస్టు 21

కొరియా లేదు. నా బదులు కటింగ్ సెక్షన్ పిల్ల వెళ్తుంది. దానికి ముప్ఫై రెండు, నిజంగానే ముప్ఫై రెండు.

ఆగస్టు 27

ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడ్డం లేదు. అమ్మాయి కొన్న సూట్‌కేసు హాల్లో అలాగే ఉంది. దాని చుట్టూ తిరిగి నడుస్తున్నాం.

బాధగా ఉంది. ఇది కూడా ఉన్నదున్నట్టు రాయాలి కదా. చాలా బాధగా ఉంది. విమానం ఎలా ఉంటుందో ఫోనులో చూడ్డం మానేశాను. అయినా చేసింది తప్పని ఎవరైనా అంటే మాత్రం, రమ్మనండి.

సెప్టెంబరు 19

తప్పుడు సర్టిఫికెట్టు మీద విచారణ అయింది. ముగ్గురు కూచున్నారు. ఒకాయన, ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు చెప్పారు అని అడిగాడు. నాకు కొరియన్ వచ్చు కాబట్టి అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, రాసుకున్నాడు.

తీసేస్తారనుకున్నాను. తియ్యలేదు. రిజిస్టర్లో నలభై ఆరు కొట్టేసి యాభై ఒకటి రాశారు, నా ఎదురుగానే, ఎర్ర ఇంకుతో. యాభై ఎనిమిదికి రిటైర్మెంటు. అంటే పన్నెండేళ్ళున్న నౌకరీ ఏడేళ్ళయింది. అన్నయ్య తెచ్చిన అయిదేళ్ళు తిరిగి ఇచ్చేశాను. పైగా ఒక మెమో.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన పాత పాస్‌పోర్టు ఫారం చింపేసి, కొత్తది తీసి, పుట్టిన తేదీ నన్ను అడక్కుండా రాశారు. అసలు తేదీ. ఎప్పటికైనా పనికొస్తుంది, గడువు పదేళ్ళు ఉంటుందట అన్నారు.

నవంబరు 16

తొమ్మిది మందికీ మూడు వారాలు కొత్త మిషన్ల మీద పరీక్ష. మాస్టారే నేర్పాడు, నేను పక్కన నిలబడి తర్జుమా చేశాను. ఆరుగురికి వచ్చేసింది. ఇద్దరు మా వల్ల కాదు, ఓపిక లేదు అని వాళ్ళే మానేస్తామన్నారు, ఆ మాట వాళ్ళది. ఒకావిడకి ఇంకో వారం ఇచ్చారు.

జంటసూది ఇప్పుడు నాలుగు సూదుల మిషను మీద కూచుంది. పేరు మార్చాలి. దాన్ని ఇక అక్కా అని పిలవనన్నాను. చచ్చినట్టు పిలుస్తావు, ఇరవై ఏళ్ళ అలవాటు అంది. అన్నట్టే మధ్యాహ్నం నోరు జారాను. ఊళ్ళో అందరూ వినేంత గట్టిగా నవ్వింది.

డిసెంబరు 14

ఆగస్టు నుంచీ మాస్టారు నాతో ఒక్కసారి కూడా మాట దించలేదు. స్పానరు తనే తెచ్చుకుంటాడు. ఏదిచ్చినా రెండు చేతులు. పొద్దున్నే నిలబడి “షిక్సా హాషొస్సొయో” అంటాడు. ఇదే కదా నేను కోరుకున్నది. తీరా వచ్చాక, వాళ్ళమ్మ సంగతులు చెప్పడం మానేశాడు. పెద్దవాళ్ళ దగ్గర అంత చనువు ఉండదేమో. అది కూడా పోయింది అనుకున్నాను, అయిదేళ్ళతో పాటు.

డిసెంబరు 22

మాస్టారు వెళ్ళిపోయే రోజు. భోజనాల గంట కొట్టాక నా బల్ల దగ్గరికి వచ్చాడు. జేబులోంచి చిన్న దారం కత్తెర తీసి రెండు చేతులతో ఇచ్చాడు. పిడి అరిగి నున్నగా ఉంది. వాళ్ళమ్మదట. నేనూ రెండు చేతులతోనే తీసుకున్నాను.

ఆయన అలాగే నిలబడ్డాడు. వెళ్ళలేదు. ఏదో తప్పు చేసినవాడిలా కాళ్ళవైపు చూస్తూ అన్నాడు:

“నూనిమ్, ఇకనైనా నాతో మాట దించండి. మీరు పెద్దవాళ్ళు. మీరు దించకపోతే నాకు పరాయిగా ఉంది.”

అప్పుడు తట్టింది. నాలుగు నెలలుగా ఆయన ఎదురు చూస్తున్నాడు. పెద్దదాన్ని నేను. చనువు నేను ఇవ్వాలి. ఆయనంతట ఆయన తీసుకోకూడదు. నేనేమో పెద్దరికం కావాలని అంత గొడవ చేసి, వచ్చాక దాన్ని ఏం చెయ్యాలో తెలియక, ఇంకా చిన్నదానిలాగే మర్యాదగా మాట్లాడుతూ కూచున్నాను.

ఆ భాషలో దించిన మాట ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. ఫోనులో ఆవిడ చెప్పినప్పుడు కూడా ఇది నాకు అక్కరకు రాదని దాటేశాను. గొంతు సవరించుకున్నాను.

“అంజా,” అన్నాను. కూచోరా అని.

ముక్కాలిపీట లాక్కుని కూచున్నాడు.

“పాప్ మొగొస్సొ?”

లేదన్నాడు తమ్ముడు. నా అన్నం డబ్బా మూత తీసి వాడి ముందుకి జరిపాను.